ఒంటిపట్టా రైలూ, మన పిల్లలూ

ఉనైజాలో గడప దాటడమంటే కారెక్కడమే. బడికీ కారే, కూరలకీ కారే, పక్కవీధిలో పేరంటానికీ కారే. 45 డిగ్రీల ఎండలో నడిచి వెళ్ళమని ఎవర్నీ అనలేం. 2018 జూన్ దాకా ఈ దేశంలో ఆడవాళ్ళు బండి నడిపే వీలు లేదు గనక, ఇంటాయన డ్యూటీ దిగి వస్తేగాని ఇల్లాలికి బజారు లేదు. ఇప్పుడా ఇబ్బంది తీరింది. పిల్లల సంగతే ఎక్కడిదక్కడ ఉండిపోయింది. వాళ్ళు మనం తీసుకెళితే వెళతారు, లేకపోతే లేదు.

ఇక్కడికి రాకముందు మేం నాలుగేళ్ళు ఒసాకాలో ఉన్నాం. ఆ ఊళ్ళో మోనోరైలుంది. రెండు పట్టాలకు బదులు ఒకే ఒక్క కాంక్రీటు దూలం, దానిమీద గుర్రమెక్కినట్టు కాళ్ళు చెరోపక్కా వేసి కూర్చునే బండి. బరువు మోసేవి పైనున్న రబ్బరు టైర్లు. పక్కనుంచి దూలాన్ని పట్టుకునే చిన్న చక్రాలు బండిని ఒరగనివ్వవు. 1990లో మొదలై, 1997కల్లా ఇటామి విమానాశ్రయం నుంచి కదొమా దాకా 21 కిలోమీటర్లు సాగింది.

అందులో మాకు నచ్చింది ఆ వింత కాదు, దాన్ని వేసిన తీరు. ఒసాకా రైళ్ళు చాలావరకు బండిచక్రం ఆకుల్లా నడిబొడ్డు నుంచి నలుమూలలకూ పోతాయి. 1933 నాటి మిదోసుజి భూగర్భ రైలూ అంతే. ఒక శివారు నుంచి ఇంకో శివారుకు పోవాలంటే ఊరి మధ్యకు వెళ్ళి మళ్ళీ బయటికి రావాలి. మోనోరైలు ఆ ఆకుల్ని కలిపే చట్రంలాంటిది. పెద్ద రోడ్డు మీదుగానే స్తంభాలు నిలిపారు గనక కూల్చవలసిన ఇళ్ళు తక్కువ.

ఆ బండ్లలో పొద్దున్నే ఆరేడేళ్ళ పిల్లలు వీపున బడిసంచీతో ఒంటరిగా ఎక్కేవారు. మొదట్లో మా గుండె గుభేలుమనేది. తరవాత అర్థమైంది, ఆ ధైర్యం పిల్లలది మాత్రమే కాదని. బండి చెప్పిన వేళకు వస్తుంది, స్టేషన్లో అడిగితే చెప్పేవాడుంటాడు, పెట్టెలో పెద్దలు ఓ కన్నేసి ఉంచుతారు. ఊరంతా కలిసి పెంచిన ధైర్యమది.

మా పెద్దమ్మాయికి ఇప్పుడు పదహారేళ్ళు. లెక్కల్లో దిట్ట; తనంతట తాను ఒక్క టిక్కెట్టు కొని ఎరగదు. పన్నెండో క్లాసు కాగానే హైదరాబాదు పంపాలి. అక్కడ 2017 నవంబరు నుంచీ మెట్రో నడుస్తోంది. మియాపూర్లో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, నాగోలు బండి వెతుక్కోవడం ఎవరు నేర్పుతారు? నాన్న కారు వెంట రాదుగా!

అదృష్టవశాత్తూ బడి మన దగ్గరే వెలిసింది. 2024 డిసెంబరు 1న రియాద్ మెట్రో మొదలైంది. ఆరు లైన్లు, 176 కిలోమీటర్లు. డ్రైవరే లేని బండ్లు. నాలుగు రియాళ్ళ టిక్కెట్టుతో రెండు గంటలు తిరగొచ్చు. కుటుంబాలకు వేరే పెట్టె ఉంది. మన ఖసీం నుంచి రియాద్‌కు 2017 నుంచే రైలుంది.

అందుకని మేమొకటి అనుకున్నాం. వచ్చే సెలవుల్లో పిల్లల్ని రియాద్ తీసుకెళ్ళి, మెట్రో పటం వాళ్ళ చేతికిచ్చి, మేం నోరు మూసుకుని వెనకాల నడుస్తాం. ఏ లైను ఎక్కాలో, ఎక్కడ మారాలో వాళ్ళే తేల్చుకోవాలి. దారి తప్పితే తప్పనివ్వండి, రెండు గంటల టిక్కెట్టుంది కదా! మాతో వచ్చే కుటుంబాలు ముందుగా ఒక మాట చెబితే, ఖసీం రైలుకు అందరికీ కలిపి సీట్లు తీసుకుంటాం. ఆవకాయ అన్నం పొట్లాల పూచీ మాది.