చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు చెప్పాలి

మామయ్య గారికి నమస్కారాలు.

ఇంగ్లండులోని స్టామ్‌ఫర్డ్ నుంచి రాస్తున్నాను. వెల్లాండ్ నది ఒడ్డున చిన్న ఊరు, ఎటు చూసినా తేనెరంగు సున్నపురాతి ఇళ్ళే. లండన్ నుంచి ఉత్తరానికి పోయే పాత రాదారి ఊరి మధ్యగానే సాగేది. ఆ దారిమీద జార్జ్ అనే పాత సత్రం బోర్డు వీధికి అడ్డంగా తోరణంలా నిలిచి ఉంది.

అసలు వింత కప్పుల్లో ఉంది. దగ్గరి కాలీవెస్టన్ గ్రామంలో తవ్విన రాతిని చలికాలం ఆరుబయట ఉంచి, ఆరిపోకుండా తడుపుతూ ఉండేవారట. లోపలి తడి గడ్డకట్టి ఉబ్బితే రాయి పొరలు పొరలుగా విచ్చుకునేది. ఆ పలకలను చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి పేర్చారు. ఒక్క ఇంటి కప్పు తీసి రేకులు వేసినా వీధంతా వెలితిగా కనిపిస్తుంది.

ఒక్కో కట్టడాన్ని కాపాడే చట్టాలు ఈ దేశంలో ముందునుంచీ ఉన్నాయి, కానీ వీధంతా నిలవాలంటే అవి చాలవు. డంకన్ శాండ్స్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి 1967లో తెచ్చిన చట్టంతో, స్థానిక కౌన్సిల్ ఒక పేట మొత్తాన్ని, సందులూ ప్రహరీలూ చెట్లతో సహా, రక్షిత ప్రాంతంగా ప్రకటించే వీలు వచ్చింది. ఆ ఏడాదే మొట్టమొదట ఆ గుర్తింపు పొందింది ఈ ఊరే. ఇప్పుడు ఇంగ్లండులో అలాంటివి దాదాపు 10,000.

ఈ పేటల్లో ఇల్లు పడగొట్టాలంటే అనుమతి కావాలి. 1.5 మీటర్ల ఎత్తున మాను మందం 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టును కొట్టాలంటే ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు తెలపాలి. ఉంచదగ్గ చెట్టనుకుంటే ఆ గడువులోగా వాళ్ళు ఉత్తర్వు ఇచ్చి ఆపేస్తారు. సొంత పెరట్లో చెట్టు, మామయ్యా! నాకిది ఎంతో నచ్చింది.

నచ్చనిదీ ఒకటుంది. మామూలు ఇంటికి చెక్క కిటికీ తీసి ప్లాస్టిక్‌ది పెట్టుకుంటే ఈ గుర్తింపు ఒక్కటే ఆపలేదు. అందుకు కట్టడాల అనుమతి నిబంధనల్లోని ఆర్టికల్ 4 కింద కౌన్సిల్ విడిగా ఆదేశం ఇవ్వాలి. పాత పేటలు ఒక్కో కిటికీ, ఒక్కో తలుపు మారుతూనే రూపు పోగొట్టుకుంటాయి. కాబట్టి ఆ ఆదేశం మొదటిరోజే రావాలి. బాగుచేతల ఖర్చు ఇంటివాళ్ళమీదే పడుతుంది గనుక, ఆదేశంతో పాటు కొంత డబ్బు సాయమూ అందడం న్యాయం.

అత్తయ్యకు నమస్కారాలు చెప్పండి.

మీ మేనల్లుడు