బోర్లించిన కుండ

ఇంటిలో కుండ బోర్లించినారనిన, ఆ పూట పొయ్యిలో పిల్లి లేవలేదనియే తెలుగునాట ఎల్లెడల అర్థము. గోదావరి రెండు పాయల నడుమ, కోనసీమకు తలవాకిటనున్న ఆత్రేయపురమున మాత్రము కుండ బోర్లించినపుడే పొయ్యి రగులును; అది రగిలినపుడే ఆ ఇంట నాలుగు డబ్బులు కంటబడును. పూతరేకు అను మిఠాయి పేరు వినని తెలుగువాడుండడు. అయినను ఆ మిఠాయిని పట్టుకొని ఒక గ్రామము, దాని చుట్టుపట్ల పల్లెలు, మిల్లులేక, పొగగొట్టములేక, షావుకారు పెట్టుబడిలేక, వ్యాపారస్థలములుగా ఎట్లు మారినవో తలపోసినవారు తక్కువ.

రాజమహేంద్రవరము నుండి బయలుదేరిన బాటసారి ధవళేశ్వరము కడ నదిపైకెక్కి, గోదావరి వెడల్పును కంటితో కొలుచుకొనుచు బొబ్బర్లంక చేరి, అచ్చటినుండి కాలువ గట్టు పట్టి దిగువకు సాగినచో, ఒకవైపు నీరు, ఒకవైపు వరిచేలు, పైని కొబ్బరిచెట్ల నీడ తోడురాగా ఈ సీమలోనికి ప్రవేశించును. ఆర్థర్ కాటను 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆనకట్ట స్థానమున నేడు కొత్త బ్యారేజి నిలిచినను, దానికిని ఆయన పేరే నిలిచినది. లొల్ల లాకుల కడ కాలువలు చీలి కోనసీమలోనికి పారుచుండును. ముందు విష్ణువుగను వెనుక మోహినిగను ఒకే శిలలో వెలసిన జగన్మోహినీ కేశవస్వామి ర్యాలియందును, శనివారమునాడు ఇసుకవేసిన రాలనంత జనమును రప్పించు వేంకటేశ్వరస్వామి వాడపల్లియందును ఉన్నారు. ఇంకను దిగువకు పోయిన, అరటి గెలల బేరములకు పేరుమోసిన రావులపాలెమున జాతీయ రహదారి తగులును. ఈ భూగోళమంతయు చెప్పుటకు కారణము లేకపోలేదు. కాలువ వలన బియ్యము, గట్టుమీది చెట్టువలన ఎండుటాకు, పాడివలన నెయ్యి, దేవునివలన బేరగాడు: ఈ నాలుగును ఇంటికి నడకదూరమున దొరకిన చోట వర్తకము పుట్టుట వింతగాదు.

వింత యంతయు చేతిపనిలోనున్నది. రేకు తీయు కుండ వంటకుండ కాదు. కుమ్మరి దానిని ఇందుకొరకే చేయవలెను. కడుపు గుండ్రనై, అడుగు అద్దమువలె నునుపై యుండవలెను. దానిని పొయ్యిమీద బోర్లించి, క్రిందినుండి ఎండుకొబ్బరాకును కొద్దికొద్దిగా లోనికి త్రోయుచు మంట నిలుపుదురు. కట్టెమంట ఒకచోట మాడ్చి ఒకచోట విడుచును గనుక దానిని నమ్మరు. ఆకుమంట కుండ నంతటిని సమముగా నాకును. నానిన బియ్యమును వెన్నవలె రుబ్బి, నీరు కలిపి, పాలవలె జారునట్లు చేసిన పిండి ప్రక్కనే పళ్ళెములో నుండును. అందులో పలుచని నూలుగుడ్డను ముంచి, రెండు అంచులు రెండు చేతుల పట్టి, కాగిన కుండ వీపుపై పరచి, పరచినంతనే లాగివేయుదురు. గుడ్డ వెంబడి కన్ను పోవులోపల కుండపై తెల్లని పొర యొకటి నిలిచి, అంచు లేచి, చిటపటలాడును. దానిని వ్రేళ్ళకొనలతో తీసి ప్రక్కన పెట్టుదురు. పూత పూయుటచే వచ్చినది, రేకువలె తేలినది. పేరు పెట్టినవారెవరోగాని మాటను వృథాచేయలేదు.

ఇందుకు జయ బియ్యమే కావలెనని అక్కడివారందరు ఒక్కమాటగా చెప్పుదురు. తాతలనాటి పద్ధతి యనియు చెప్పుదురు. జయ అను వంగడము 1968లో విడుదలయినది. కాబట్టి తాతలు దానిని ఎరుగరు. సంప్రదాయమును ప్రాణముగా చూచుకొనువారు సయితము, తమ రేకు చిరుగకుండ చేయు బియ్యము కొత్తగా వచ్చినపుడు పాతదానిని గట్టున పెట్టి దీనిని చంకనెత్తుకొనిరనుట నాకు తప్పుగా తోచలేదు, పైగా ముచ్చటగా తోచినది. వర్తకుని చూపు అనగా అదియే.

వైశాఖమాసపు మధ్యాహ్నమొకనాడు నేను చూచిన గదిలో విసనకఱ్ఱయైనను లేదు. పంకా ఉన్నది, తిరుగుటలేదు. కిటికీ తలుపులు మూసి, గడియ వేసి, పొయ్యి ముందు పీటపై కూర్చున్న నడివయసు ఇల్లాలు చెమటను మోచేతితో తుడుచుకొనుచు రేకు వెనుక రేకు తీయుచుండెను. గాలి సోకినచో మంట ఒరగును, రేకు ఎగురును. ఎంతకాలమునకు ఈ పని వచ్చినదని అడిగితిని.

"చెయ్యి తెలవాలండి, ఆయ్. నోటితో చెబితే వచ్చేది కాదండి ఇది. మా అత్తగారు పక్కన కూకోబెట్టుకుని, కాలినా తియ్యమనేవోరు" అని చెప్పి, మాటాడుచునే ఇంకొక రేకు తీసెను.

ఒకప్పుడిది ఇంటివంటకమే. పెండ్లికో, ఆడపిల్ల సారెకో, అల్లుని పండుగకో చేయించుకొనువారు. చేయగలిగిన చేతులను పిలిపించి, బియ్యము బెల్లము తామే ఇచ్చి, పనికి ఇంత యని ముట్టజెప్పువారు. పిలుపు వచ్చినపుడు పోయి చేసివచ్చుటకు, పిలుపుతో పనిలేక తామే చేసి అమ్ముటకు నడుమ అడుగు చిన్నదిగా కనబడునుగాని, వ్యాపారమంతయు ఆ అడుగులోనే ఉన్నది. ఆ అడుగు వేయుటకు ఇక్కడి స్త్రీకి కావలసినవి ఒక కుండ, ఒక గుడ్డముక్క, కుంచెడు బియ్యము, పెరటిలో రాలిన ఆకు. ఇంత తక్కువ పెట్టుబడితో తలుపు తెరచు వ్యాపారము మరియొకటి చూపుమనిన నేను తడబడుదును.

తలుపు తెరచిన పిమ్మట మెట్లున్నవి. మొదటి మెట్టున రేకు తీయువారు. వారు తీసిన రేకులను వందల లెక్కన అమ్ముదురు. రెండవ మెట్టున చుట్టువారు. వీరు రేకులను కొని, తడిగుడ్డతో అద్ది మెత్తబరచి, ఒకదానిపై నొకటి పరచి, కాచిన నెయ్యి చిలుకరించి, పంచదార పొడియో బెల్లపు పొడియో ఏలకులతో చల్లి, మడిచి చుట్టుదురు. మూడవ మెట్టున పెట్టెలో పెట్టి, పేరు అంటించి, బజారున నిలుపువారు. మొదటి మెట్టుననున్నవారు రెండవదానికి ఎక్కుట ఎప్పుడు అని విచారించితిని. నేర్పు చాలక ఆగువారు లేరు. ఆపునది నెయ్యి. బియ్యము వెల ఎంత, ఆకు వెల ఎంత! ఖర్చంతయు నేతిలోనున్నది. అప్పుడే డ్వాక్రా సంఘపు అప్పు అక్కరకు వచ్చును.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించిన కిటుకొకటి కలదు. నెయ్యి తగలని ఎండురేకు నెలలతరబడి చెడదు; నెయ్యి తగిలినంతనే దానికి ఆయుర్దాయము లెక్క మొదలగును. అందుచేత తెలివిగలవారు చవుకయైన ఎండురేకును నిలువచేసికొని, ఖరీదైన నేతిని బేరము కుదిరినపిమ్మటనే కొందురు. సంక్రాంతికి ముందు నెలలలో రేకులు అటకలపైకెక్కుట, పండుగ వారమున దిగివచ్చి ఇల్లంతయు చుట్టుటకు కూర్చుండుట, ఇది ఏ వాణిజ్య కళాశాలయు నేర్పగా వచ్చినది కాదు. సొమ్మును ఏ రూపున నిదురపుచ్చవలెనో, ఎప్పుడు మేలుకొలుపవలెనో వీరికి కుండే నేర్పినది.

విస్తరించిన తీరును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. రహదారి, బస్సు, దూరవాణి కలిసి చేసిన పని యది. హైదరాబాదునకు కొరియరులో పోవు పెట్టెలు, అమెరికా పోవు పిల్లల పెట్టెలలో బట్టల నడుమ ఒదుగు పెట్టెలు, వాడపల్లి శనివారపు యాత్రికుల చేతిసంచులలోని పెట్టెలు, అన్నియు ఈ పల్లెలనుండి కదలినవే. రుచులును పెరిగినవి. జీడిపప్పు, బాదము, పిస్తా చేరుటను నేను అంగీకరింతును. చాక్లెట్ పూతరేకును మాత్రము, అమ్మువారు ఎంత నొచ్చుకొన్నను, అంగీకరింపజాలను. పిల్లలు దానినే అడుగుచున్నారట. అడిగినదానిని అమ్ముట వర్తకుని ధర్మము, సణుగుట నా వయసు ధర్మము.

పేరు పెరిగిన కొలది పేరును దొంగిలించువారును పెరిగిరి. రహదారి ప్రక్కన ఒకచోట, ఊరిపేరు పెద్ద అక్షరములతో వ్రాసిన పెట్టెను కొని ఇంటికి పోయి విప్పగా, నేతి వాసనకు బదులు వనస్పతి వాసన గుప్పుమనినది. రేకులు ఒకదానికొకటి అంటుకొని బంకముద్దయైనవి. తిట్టవలసినది ఎవరినని చూచిన, పెట్టెపై ఊరిపేరు తప్ప మనిషి పేరు లేదు. ఇట్టి తిట్లన్నియు ఊరికే తగులుచుండగా ఊరివారు ఊరకుండలేదు. తయారీదారులు కూడి, సర్ ఆర్థర్ కాటన్ పేర సంక్షేమ సంఘము కట్టుకొని, భౌగోళిక గుర్తింపునకు దరఖాస్తు చేసి, 2023లో ఆత్రేయపురం పూతరేకునకు దానిని సాధించిరి. కాలువ త్రవ్వించిన దొర పేరు మిఠాయి పత్రమునకెక్కుట చూచి కొందరు నవ్విరిగాని, బియ్యము ఎక్కడిదని ఆలోచించినవారు నవ్వరు.

దీనికి పోలికగా గోదావరి తూర్పున, మండపేట చెంతనున్న తాపేశ్వరమును చూడవలెను. అచ్చట కథ వేరు. ఊరివెనుక ఒక మనుష్యుడు కనబడును. పోలిశెట్టి సత్తిరాజు 1939లో పెట్టిన మిఠాయి అంగడి మడతకాజాను ఊరిపేరుతో ముడివేసినది. పలుచగా వత్తి, పొరలుగా మడిచి, కోసి, వేచి, పాకమున ముంచిన ఆ కాజా కాకినాడ కోటయ్య గొట్టము కాజాకు అన్నయో తమ్ముడో తేల్చుట నా వంతు కాదు. ఆ అంగడి తరువాతి తరమున భక్తాంజనేయ సురుచి ఫుడ్స్ అను సంస్థగా పెరిగి, వినాయకచవితి లడ్డూలతో గిన్నిసు పుస్తకమునకెక్కినది. 2016లో చేసిన లడ్డూ తూకము 29,465 కిలోలు. ఒక కుటుంబము, ఒక పేరు, ఒక పెద్ద బాణలి: తాపేశ్వరపు మార్గమిది. ఆత్రేయపురమున బాణలి లేదు, కుండలున్నవి. కుండను ఎంత పెద్దది చేసినను రేకు పెద్దది కాదు, రెండు చేతుల వెడల్పే దాని హద్దు. కనుక ఇక్కడ వ్యాపారము పెరుగవలెననిన ఒక కుండ ప్రక్కన ఇంకొక కుండ, ఒక ఇంటి ప్రక్కన ఇంకొక ఇల్లు చేరవలసినదే. ఒకరు కోటీశ్వరులగుట కష్టము; ఊరంతయు ఖాళీగా కూర్చుండుట అంతకంటె కష్టము.

ఈ ఏర్పాటును పొగడుచు ఒక మాట దాచిపెట్టుట న్యాయము కాదు. పెట్టెపై పేరు మూడవ మెట్టువానిది, మంటయెదుట ముఖము మొదటి మెట్టు స్త్రీది. నేర్పంతయు ఎవరి చేతిలోనున్నదో వారికి దక్కునది అన్నిటికంటె చిన్న భాగము. కూలి పెంచుమనిన, రేకు తీయగల చేయి ప్రక్క వీధిలోను ఉన్నదను జవాబు వచ్చును. ఏ సులువు ఆమెను ఈ వ్యాపారములోనికి రానిచ్చినదో, ఆ సులువే ఆమె బేరమును బలహీనపరచినది. కొందరు ఇల్లాండ్రు దుకాణదారుతో పనిలేక తామే చుట్టి, తామే దూరవాణిలో బేరములు పట్టి, తామే పంపుకొనుచున్నారు. నాకు వారియందే ఆశ.

నేను చూచిన ఇంటి ఆమెయును అట్టిదే. కాలేజీనుండి వచ్చిన కూతురు గుమ్మము కడ కూర్చుండి, పది రేకుల పెట్టెలపై చిరునామాలు అంటించుచుండెను. పొయ్యి ప్రక్కన గంపలో చిరిగిన రేకులు వేరుగా పడియున్నవి.

"నూటికి ఎన్ని చిరుగుతాయమ్మా?"

"ఇన్నని ఉండదండి బాబుగారూ. గాలిని బట్టండి" అని, గంపలోని ముక్కలు రెండు తీసి, పంచదార చల్లి నా చేతిలో పెట్టెను. నాలుకపై పెట్టినంతనే అవి ఉన్నవో లేవో తెలియకుండ కరగినవి. సెలవు తీసికొని గడప దాటునప్పటికి పొద్దువాలి గోదావరి మీదుగా గాలి లేచినది. వెనుకనుండి కేక వినవచ్చెను.

"తలుపు దగ్గరగా ఏసి ఎల్లండి బాబుగారూ!"