కంచె వెనక కథలెన్నో!

ఇంగ్లండ్ నైరుతి మూలన ఉండే డెవన్ పల్లెదారుల్లో కారులో వెళ్తుంటే పొలాలు చూద్దామన్నా కనిపించవు. రోడ్డుకు రెండు పక్కలా మట్టికట్ట... దానిమీద మనిషిని మించిన ఎత్తులో పచ్చటి గోడ! ఎదురుగా ట్రాక్టరొచ్చిందా, కాస్త వెడల్పున్న చోటిదాకా ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఆ పచ్చగోడనే హెడ్జ్ అంటారు. మన మాటల్లో కంచె, వెలుగు. మనవాళ్లు గట్టున బ్రహ్మజెముడో కిత్తనారో పెంచినట్టే అక్కడ హాథార్న్ అనే ముళ్లచెట్టును పెంచుతారు.

ఆ చెట్టు పేరులోనే కంచె దాగుంది. పాత ఇంగ్లిష్‌లో ‘హాగా’ అంటే కంచె వేసిన చోటు. హెడ్జ్‌కి దగ్గరి చుట్టమైన ఆ మాటే అరిగి ‘హా’ అయింది. హాథార్న్ అంటే కంచెముల్లన్నమాట! అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న హేగ్ నగరం పేరూ ఈ కుదురులోదే.

ఈ కంచెను అల్లే పద్ధతి చూసి తీరాలి. చలికాలంలో కాండాన్ని మొదట్లో దాదాపు తెగిపోయేంతగా నరికి, మెల్లగా పక్కకు వంచుతారు. మిగిలిన ఆ కాస్త బెరడుతోనే చెట్టు బతికేస్తుంది. వసంతం రాగానే నరికినచోటే చిగుళ్లేస్తుంది! అందులో పక్షులు గూళ్లు కడతాయి. అందుకే ఇంగ్లండ్ పొలాల్లో మార్చి నుంచి ఆగస్టు దాకా, కొన్ని మినహాయింపులు తప్ప, కంచెలు కత్తిరించకూడదని 2024లో నిబంధన తెచ్చారు.

ఇంత అందంగా ఉన్నా అందరికీ ఇవి మంచి చేయలేదు. ఒకప్పుడు అక్కడి పేదలు ఊరి ఉమ్మడి భూముల్లో ఆవుల్ని మేపుకునేవారు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవారు. 1604-1914 మధ్య పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి సుమారు 68 లక్షల ఎకరాలను సొంత కమతాలుగా మార్చింది. గీత గీసినట్టు తిన్నగా సాగే కంచెలు చాలావరకు అప్పటివే. లోపలివాడికి రక్షణే... మరి బయట మిగిలినవాడు ఆవునెక్కడ తోలుకెళ్లాలి?

రక్షణ అనే అర్థంతోనే ఈ మాట పందేలరాయుళ్ల నోటికెక్కింది. నష్టం రాకుండా రెండువైపులా డబ్బు కాయడం వాళ్ల హెడ్జింగ్. 1949లో ఆల్ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్ అమెరికాలో ఆ కిటుకును షేర్లకు వాడారు. హెడ్జ్ ఫండ్స్ అలా మొదలయ్యాయి. సూటిగా చెప్పకుండా నసిగేవాణ్నీ హెడ్జ్ చేస్తున్నాడనే అంటారు. మన నాయకులకు సరిగ్గా సరిపోయే మాట!

కంచెల తెలివిని తెల్లవాళ్లు మన దేశానికీ పట్టుకొచ్చారు. పన్ను కట్టని ఉప్పు దాటిపోకుండా సింధు నది వైపు నుంచి ఒడిశా దాకా సుమారు 3,700 కిలోమీటర్ల సరిహద్దు గీసి, అందులో వందల కిలోమీటర్ల మేర ముళ్లకంచె పెంచారు. దానికి దాదాపు 12 వేలమంది కాపలా! దాన్ని దట్టంగా పెంచినవాళ్లలో ముఖ్యుడు అప్పటి కస్టమ్స్ కమిషనర్ ఎ.ఒ.హ్యూమ్. అవును, 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమే! 1879లో ఆ సరిహద్దును ఎత్తేశారు. శతాబ్దం దాటాక రాయ్ మాక్సమ్ అనే ఇంగ్లిష్ రచయిత దాని ఆనవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో ఆయనకు దొరికింది ఓ మట్టికట్ట, దానిమీద కాసిని ముళ్లపొదలు.