రెండు సందుల అవతల

మా ఇంట్లో పనిచేసే ఆమె తన ఏడాదిన్నర పిల్లని వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని గిన్నెలు తోమేది. నాలుగేళ్ల పిల్లాడు వరండాలో ఆడుకునేవాడు. నేను పక్క గదిలో కూర్చుని ఒక సెమినార్ కోసం శిశు సంరక్షణ మీద పత్రం రాసుకునేదాన్ని. ఇందులో ఉన్న వెక్కిరింత నాకు తట్టడానికి నెలన్నర పట్టింది. అదీ చిన్నది నా కాగితం ఒకటి లాక్కుని నమిలిన రోజున!

రెండు సందుల అవతలే అంగన్‌వాడీ ఉంది. పిల్లల్ని అక్కడికి పంపవచ్చు కదా అన్నాను, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. "మా ఆధార్ పాలమూరుల ఉంది. తీసుకుంటరా?" అంది. మర్నాడు నేనే వెంటబెట్టుకెళ్లాను. టీచరు ఆమెని చూసి, "మీ ఇంటికి మూడుసార్లు సర్వేకొచ్చిన, ఎప్పుడొచ్చినా తాళమే" అంది. ఆమె సర్వేకి వెళ్లే వేళకి వీళ్లంతా మనలాంటి వాళ్ల ఇళ్లలో ఉంటారు మరి.

పేర్లు రాసుకుంది. పిల్లాణ్ణి లోపల కూర్చోబెట్టుకుంది. చిన్నదాన్ని తూకం వేసి, టీకాల కార్డు చూసి, బాలామృతం పాకెట్ ఇచ్చింది. కానీ మూడేళ్లు నిండితేనే అక్కడ ఉంచుకుంటారట. మూడున్నరకి కేంద్రం మూసేస్తారు. సాయంత్రం ఆరుదాకా ఉంచుకోలేరా అని అడిగాను. "నాకూ పిల్లలున్నరు మేడమ్" అంది టీచరు. నాకు సిగ్గేసింది. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీ హక్కుందని చెప్పించుకోవడానికే 2022 దాకా సుప్రీంకోర్టులో పోరాడాల్సి వచ్చింది వాళ్లకి.

అయినా పని అయిందనే అనుకున్నాను. పదిహేను రోజుల తర్వాత తెలిసింది, తొమ్మిదేళ్ల పెద్దపిల్ల బడి మానేసిందని. మూడున్నరకి తమ్ముణ్ణి తీసుకురావాలి. ఆ వేళకి తల్లి నాలుగో ఇంట్లో ఉంటుంది. మొదట మధ్యాహ్నం బడి మాని వచ్చేది. తర్వాత, ఎలాగూ ఇంట్లోనే ఉంటోంది కదాని చిన్నదాన్నీ దాని చంకకే ఎక్కించారు.

1975లో ఐసీడీఎస్ మొదలైనప్పుడు ఇస్తామన్నవి ఆరు సేవలు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య, పూర్వ ప్రాథమిక విద్య. తల్లి పనిగంటలు అందులో ఎక్కడా లేవు. అంతకుముందే మహారాష్ట్రలోని కోస్‌బాడ్‌లో తారాబాయి మోడక్ ఈ చిక్కుని గమనించారు. ఆదివాసీ ఆడపిల్లలు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఎత్తుకుని తిరుగుతూ బడికి రాలేకపోతుంటే, శిశుగృహాన్నీ బాలవాడినీ ప్రాథమిక పాఠశాలనీ ఒకచోట చేర్చి వికాస్‌వాడి నడిపారు. ఈ సంగతి నా పత్రంలో రెండో పేజీలో నేనే రాశాను.

"మీరు మంచికే జేసిన్రు మేడమ్" అంది పెద్దపిల్ల తల్లి. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి మా ఇంటి పని సాయంత్రానికి మార్చుకున్నాం. నాలుగో ఇంటి పని పొద్దుటికి మారితే, ఆమే మూడున్నరకి పిల్లాణ్ణి తెచ్చుకుని, ఇద్దర్నీ తీసుకుని మా ఇంటికి రావచ్చు. ఆ ఇంటావిడ వారానికి నాలుగు రోజులకే ఒప్పుకుంది. ఆ నాలుగు రోజులూ పెద్దపిల్ల బడికి పోతోంది. మిగిలిన రెండు రోజుల గురించి అడుగుదామని నిన్న ఫోన్ చేశాను. ఆవిడ మా కాలేజీలోనే పాఠాలు చెబుతుంది. మీటింగులో ఉన్నానంది.