తెల్లబట్ట

మా మాదిగవాడల ఆడోళ్ల రోగాలకు పేర్లుండవు. "ఏడి చేసింది" అంటరు, "నడుం గుంజుతుంది" అంటరు. మరీ దగ్గరోళ్లయితే "తెల్లబట్ట అయితుంది" అని చెవుల చెప్తరు. కూలికి పోయే ఆడదానికి నొప్పి రోగమెట్లయితదని మా అవ్వ అనుకునేది.

మా అక్క పటాన్‌చెరుల మందుల కంపెనీకి కాంట్రాక్టు కూలికి పోయేది. పోని దినం కూలి లేదు. రెండో కాన్పు అయినంక పొత్తికడుపుల నొప్పి, వాసనొచ్చే తెల్లబట్ట, జరం. ఊరి ఆరెంపీ దగ్గర ఒక సూది, నాలుగు గోలీలు. నొప్పి తగ్గంగనే బందు. మందులు తయారుచేసే మనిషికి మందులు కొన పైసల్లేవు.

నర్సు ట్రైనింగుకు పోయినంకనే దీనికి పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్ అనే పేరుందని నాకు తెలిసింది. క్రిములు యోని నుంచి గర్భసంచికి, అక్కడినుంచి నాళాలకు ఎక్కుతయి. గనేరియా, క్లమీడియా క్రిములు మొగోని ఒంట్ల ఏ బాధా లేకుండనే ఉండొచ్చు. శుభ్రం లేని కాన్పుతోటి, అబార్షన్‌తోటి కూడ రోగం రావొచ్చు. మొదట్లనే పట్టుకుంటే 14 దినాల గోలీలతో నయమైతది. వదిలేస్తే నాళాలు మూసుకపోయి పిల్లలు కారు. గర్భం నాళంలనే నిలిస్తే పానం మీదికొస్తది.

సర్కారు దవాఖానల డాక్టరమ్మ మొగన్ని కూడ తోలుకరమ్మన్నది. "రోగం దానికైతే గోలీలు నాకెందుకు?" అన్నడు బావ. గోలీలు మింగినన్ని దినాలు తాగొద్దంటే అసలే ఇనలే. అక్క ఒక్కతే మింగింది. రెండు నెల్లకు మళ్ల అదే నొప్పి.

2009ల ఒక ప్రైవేటు దవాఖానల "క్యాన్సరైతది" అని బెదిరిచ్చి గర్భసంచి తీసిండ్రు, అండాశయాలు కూడ. అక్కకప్పుడు 28 ఏండ్లు. అప్పటినుంచి ఒంట్ల ఆవిర్లు, ఎముకల నొప్పులు. గంటలకొద్ది నిలబడే పని చాతకాలేదు. కంపెనీ కూలి పోయింది.

ఇది మా ఒక్కింటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15-49 ఏండ్ల ఆడోళ్లల గర్భసంచి తీసేసినోళ్లు దేశం మొత్తంల నూటికి 3.2 మంది. తెలంగాణల 7.7, ఆంధ్రప్రదేశ్‌ల 8.9. నాళంల చీముగడ్డ కట్టి మందులకు లొంగకపోతే ఆపరేషన్ కావొచ్చు. తెల్లబట్ట అయిన ప్రతి ఆడదాని కడుపు కోసేదెందుకు?

నేనిప్పుడు సబ్‌సెంటర్ల పనిచేస్త. కొంగు నోట్ల కుక్కుకోని వచ్చిన పిల్లను కూసోబెట్టి పెద్ద దవాఖానకు చీటీ రాసిస్త. చీటీ మీద ఆమె పేరు కింద మొగని పేరు కూడ రాస్త. "ఇద్దరు కలిసి పోవాలె" అని రెండుసార్లు చెప్త.