చేపల కాంటా

2022 వానలకు ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నిండి అలుగు దుంకింది. కుతుబ్‌షాహీల కాలపు చెరువు అది. నా చిన్నప్పుడు అందులో నీళ్లకంటే మేకలనే ఎక్కువ చూశాను. ఇన్ని నీళ్లు కళ్లబడగానే మా మేనమామ థర్మాకోల్ తెప్పను పక్కన పడేసి, ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు.

సంక్రాంతికి నేను పోయేసరికి ఆ పడవ మీద అలిగి ఉన్నాడు. "చలికాలం నీళ్లు చిక్కగైతయి అల్లుడా, పడవ కదలదు" అన్నాడు. నవ్వాను. చిక్కబడటానికి అవేమన్నా పాలా?

రాత్రి ఫోన్లో వెతికాక నవ్వు ఆగింది. 30 డిగ్రీల నీటికంటే 20 డిగ్రీల నీటికి చిక్కదనం, పుస్తకాల భాషలో స్నిగ్ధత, 25 శాతం ఎక్కువ. కాకపోతే పడవ అడుగున నీరు సుడులు తిరుగుతుంది కాబట్టి, రాపిడి దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా 5 శాతానికి దిగుతుంది. మామ రెక్కల నొప్పి 5 శాతంది కాదు.

తెల్లారి పడవను ఒడ్డుకు లాగి బోర్లించాం. అడుగంతా పాచి. వేలెడు పొడుగు, మేక గడ్డంలా.

కడగకముందే తూచి చూద్దామన్నాను. పడవను మళ్లీ నీళ్లలోకి దింపి, చేపలు తూచే స్ప్రింగ్ కాంటాకు తాడు కట్టి, కట్ట వెంట నడుస్తూ లాగాను. మామ లోపల కూర్చుని ఒడ్డుకు తగలకుండా తెడ్డుతో సర్దాడు. "నన్ను గూడ తూస్తున్నవారా?" ముల్లు కిలోన్నర దగ్గర ఊగింది. తర్వాత కొబ్బరి పీచు, ఇటుక ముక్క పట్టుకుని గంటసేపు గీకాం. అదే నడక, అదే మామ. ముల్లు కిలో దాటలేదు.

ఇటుక గీతలు చూసి భయపడ్డాను గానీ, అక్కర్లేదట. పడవను అంటుకున్న నీరు పడవతోనే వస్తుంది. దాన్ని ఆనుకుని నిదానంగా జారే పలచని పొర ఒకటుంటుంది. అందులో మునిగిపోయే గరుకుతో పేచీ లేదు. మనిషి నడక వేగానికైతే మిల్లీమీటరులో పదోవంతు దాకా సరే. అంతకుమించి పొడుచుకొచ్చిందే నీటిని చిలుకుతుంది. వేగం పెరిగేకొద్దీ పొర పలచబడుతుంది, అందుకే ఓడలవాళ్లకు నున్నదనం మీద అంత పట్టింపు. 1870లలో ఇంగ్లండ్‌లోని టార్కీలో విలియం ఫ్రూడ్ నీటితొట్టిలో పలకలను ఇలాగే లాగి తూచాడు. వార్నిష్ పూసిన పలకకంటే నూలుగుడ్డ అంటించినదానికి లాగుడు దాదాపు రెట్టింపు వచ్చింది. విశాఖలో ఎన్‌ఎస్‌టీఎల్ వాళ్లకు ఇలాంటి పనికే 500 మీటర్ల తొట్టి ఉంది. మాకు చెరువుకట్ట.

"అయితే నీళ్లు చిక్కగైతయన్నది అబద్ధమా?" అడిగాడు మామ.

"నిజమే మామా. కాకపోతే ఇరవైల ఒక్క వంతే."

"ఆ వంతు పొద్దుగాల నాలుగింటికి నా ఒక్కనికే తెలుస్తది" అన్నాడు. "కాంటా ఇటియ్యి, బేరగాళ్లొచ్చిన్రు."