గోడ మీద నల్ల గుండ్రం

మా ఇంటి హాల్లో ఎస్.హెచ్. రజా ‘బిందు’ పెయింటింగ్స్‌లో ఒకదాని ప్రింట్ ఉంది. మధ్యలో పెద్ద నల్లటి గుండ్రం, చుట్టూ ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో పట్టీలు, త్రికోణాలు. చెట్టు, పిట్ట, మనిషి, దేవుడు ఏమీ లేవు. కొత్తింట్లో ఈ నలుపేమిటని అత్తయ్య అభ్యంతరం చెప్పారు. “ఇంటికి దిష్టిచుక్క అనుకో” అని మామయ్యగారు తేల్చేశారు. ఆ ఒక్క మాటతో గోడకు మేకు కొట్టుకోవడానికి పర్మిషన్ దొరికింది!

ప్రింటు కన్నా ఫ్రేముకే ఎక్కువైంది. సన్నటి నల్ల చెక్క ఫ్రేము, లోపల నాలుగు పక్కలా రెండంగుళాల తెల్ల అట్ట పెట్టించాను. బంగారు రంగు పూల ఫ్రేము అయితే గ్రాండ్‌గా ఉంటుందని షాపతను చాలాసేపు చెప్పాడు. ఒకటి మాత్రం అతను చెప్పింది నిజం. ఎండ నేరుగా పడే గోడకు పెడితే రంగులు వెలిసిపోతాయి. అందుకే కిటికీ ఎదురుగా కాకుండా పక్క గోడకు పెట్టాం.

ఇన్ని బొమ్మలుండగా ఇదే ఎందుకంటే, దీని వెనక ఒక టీచర్ ఉన్నారు. రజా 1922లో మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో పుట్టారు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి. పల్లెటూరి బడిలో ఆ పిల్లాడు ఒక చోట కుదురుగా కూర్చునేవాడు కాదట. ఒకరోజు మాస్టారు నందలాల్ ఝారియా గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. పెద్దయ్యాక రజా ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నారు. 1950లో ఆయన ఫ్రాన్స్ వెళ్లారు. పేరొచ్చింది, అరవై ఏళ్లు అక్కడే ఉన్నారు. అయితే ఆ చుక్క ‘బిందు’గా ఆయన పెయింటింగ్స్‌లో స్థిరపడేసరికి ఆయనకు అరవై దగ్గర పడింది. ఐదు రంగుల్ని పంచభూతాలుగా అనుకుని, ఆ చుక్క చుట్టూనే 2016లో పోయేదాకా బొమ్మలు వేస్తూ ఉన్నారు.

యాభై ఏళ్లు! ఆ రోజు ఆ పిల్లాడు నేర్చుకున్నదాన్ని ఆ నెల ప్రోగ్రెస్ కార్డులో ఏ కాలమ్‌లో రాయాలి? టీచర్‌గా నన్ను బాగా కుదిపే విషయం ఇదే. పేరెంట్స్ మీటింగ్‌లో “మావాడికి డ్రాయింగ్ బదులు ఇంకో మ్యాథ్స్ పీరియడ్ ఇవ్వకూడదా మేడమ్?” అని ఎవరైనా అడిగితే వాళ్లమీద నాకు కోపం రాదు. ఫీజు కట్టేవాళ్ల ఆదుర్దా నాకు తెలుసు, మా నాన్నా అలాగే కట్టారు. కానీ ఒప్పుకోలేను.

పక్కింటి పిల్లలిద్దరు మా ఇంటికి వస్తుంటారు. ఒకటో తరగతి చదివే తమ్ముడు ఆ నల్ల గుండ్రాన్ని ఒకరోజు బావి అన్నాడు, ఇంకోరోజు అమ్మమ్మ వాళ్లింట్లో ఆటుకల్లు అన్నాడు. తర్వాత రైలు సొరంగం అయింది. ఏడో తరగతి అక్క మాత్రం అరనిమిషం చూసి, “కరెక్ట్ ఆన్సర్ ఏంటి ఆంటీ?” అంది. తెలివైన పిల్ల, క్లాసులో ఫస్ట్. ఆన్సర్ లేదంటే నమ్మలేదు, నేను దాస్తున్నాననుకుంది. ఆరేళ్ల చదువులో ఎక్కడో తమ్ముడి దగ్గరున్నది అక్క దగ్గర తగ్గింది. అందులో మా టీచర్ల వాటా ఉంది, మీ వాటా కూడా కొంత ఉంది.

ఇంట్లో ఇలాంటి బొమ్మ ఒకటి ఉంటే మంచిదని నేననేది అందుకే. రజాదే కానక్కర్లేదు. మీకు నచ్చింది, పేరు పెట్టలేనిది ఏదైనా సరే. పిల్లలు చూస్తున్నప్పుడు “అదేంటో చెప్పు” అనకండి. కాసేపు పక్కన కూర్చోండి చాలు.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. చాలాసేపటికి అంది, “నలుపంతా ఒకేలా లేదు ఆంటీ. అంచుల్లో వేరేగా ఉంది.”